లెఫ్టీ వచ్చాడు

సాయంత్రం అయిదు దాటింది. చాంద్రాయణగుట్ట చౌరస్తా హారన్ల గోల వెనకబడింది, బార్కాస్‌లోకి వచ్చేశాం. నిజాం కొలువులో చేరిన యెమెన్ అరబ్బు సైనికులు కాపురాలు పెట్టిన బస్తీ ఇది. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ గళ్ల లుంగీలు కట్టుకుని, ఇళ్ల ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు సలాములు చెబుతూ ఉంటారు. తోపుడు బండి మీద జామకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. బార్కాస్ జామ అంటే నగరమంతా పేరే. ఒకటి కొనుక్కుని, ఉప్పూ కారం అద్దించుకుని, గ్రౌండ్ అంచున నిలబడండి.

గడ్డి ఉండాల్సిన చోట దుమ్మే ఉంది. ఒకే నేల మీద నాలుగైదు మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తున్నాయి. ఈ ఆటలో బౌండరీ దగ్గర నిలబడినవాడు పక్క ఆటలో వికెట్‌కీపర్ వీపుకి ఆనుకుని ఉన్నాడు. ఎవరి బంతి ఎవరిదో వాళ్లకు తెలుసు, మనకు తెలియదు.

2013-14 ప్రాంతం అనుకోండి. ఒక కుర్రాడు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. పదకొండేళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు. క్రీజులో నిలబడగానే బౌలర్ విసుగ్గా చెయ్యి ఊపాడు. "లెఫ్టీ రే, లెఫ్టీ! ఉధర్ జావ్!"

కుడివైపు సర్దుకుని కూర్చున్న ఫీల్డంతా గొణుక్కుంటూ ఎడమకు నడిచింది. గల్లీ క్రికెట్‌లో లెఫ్టీ ఆడుతున్నాడంటే మిగతావాళ్లకు పెద్ద తలనొప్పి. సింగిల్ తీసిన ప్రతిసారీ అందరూ అటూ ఇటూ మారాలి. అందుకే లెఫ్టీ త్వరగా అవుటైతే ఎక్కువ సంతోషించేది ఫీల్డర్లే.

వీడు త్వరగా అవుటవడం లేదు.

టెన్నిస్ బంతి తేలిక. బౌలర్ ఇచ్చిన వేగాన్ని వాడుకుని పంపేద్దామంటే పోదు, మన బలం మనమే వెయ్యాలి. గట్టి నేల మీద పడి ఛాతీ దాకా లేస్తుంది, లేచాక గాల్లో ఒక క్షణం తడబడుతుంది. తొందరపడి బ్యాట్ ఊపితే ఆ క్షణంలోనే దొరికిపోతారు. ఈ కుర్రాడు మాత్రం బంతి లేవడాన్నీ తడబడటాన్నీ రెండిటినీ చూసి, అప్పుడు మణికట్టు తిప్పుతున్నాడు. బంతి స్క్వేర్ లెగ్ మీదుగా పక్క మ్యాచ్‌లు రెండు దాటి పడింది.

ఈ ఆటను ఒకాయన కన్నార్పకుండా చూస్తున్నారు. ఆయన పేరు సలాం బాయష్. క్రికెట్ కోచ్. ఎక్కడ నేర్చుకుంటున్నావని కుర్రాణ్ని అడిగారు. ఎక్కడా లేదు, ఈ గ్రౌండే. పేరు నంబూరి ఠాకూర్ తిలక్ వర్మ. తండ్రి ఎలక్ట్రీషియన్. ఇద్దరు మగపిల్లల్ని చదివించుకుంటున్న ఇల్లు. అకాడమీ ఫీజు మాట వినగానే ఆ ఇంట్లో ఏ మాట వస్తుందో ఊహించలేనిది కాదు. ఫీజు సంగతి నాకు వదిలేయండి, పిల్లాణ్ని పంపండి అన్నది సలాం మాట.

కానీ అకాడమీ ఉన్నది పక్క గల్లీలో కాదు. లింగంపల్లిలో ఉంది, లేగాలా క్రికెట్ అకాడమీ. పాతబస్తీ దక్షిణ కొసన ఇల్లు, నగరం పడమటి కొసన నెట్స్. మధ్యలో దాదాపు 40 కిలోమీటర్లు.

ఇప్పుడు కోచ్ స్కూటర్ వెనకాల మనమూ వెళదాం. ఇంకా తెల్లవారలేదు. కిట్ బ్యాగు ఒకవైపు వేలాడుతోంది, నడుపుతున్నది కోచ్, వెనక కూర్చున్నది పిల్లాడు. నాకు తెలిసిన దారి ఇది. చాంద్రాయణగుట్ట దాటి ఆరాంఘర్, అక్కణ్నుంచి పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నీడలో అత్తాపూర్ మీదుగా మెహదీపట్నం. ఆ రోడ్డు మీద చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లే. తర్వాత టోలిచౌకి, షేక్‌పేట, అద్దాల బిల్డింగుల గచ్చిబౌలి, సెంట్రల్ యూనివర్సిటీ గోడ, చివరికి లింగంపల్లి రైల్వే స్టేషన్. బార్కాస్ అరబ్బుల హరీస్ వంటకం వాసనతో మొదలైన దారి సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సుల మధ్య తేలుతుంది. చలికాలంలో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో స్కూటర్ మీద తిరిగినవాళ్లకే తెలుసు.

పిల్లాడు వెనక సీటు మీద నిద్రపోయేవాడట. గట్టిగా పట్టుకోమని చెబుతూ నడిపేవాణ్నని సలాం తర్వాత విలేకరులకు చెప్పారు. సాయంత్రం అదే దారిన వెనక్కి రావాలి. ఇట్లా చాలాకాలం నడిచాక, అకాడమీ దగ్గరికే మారిపొమ్మని కోచ్ ఆ తల్లిదండ్రులను ఒప్పించారు. ఊరు మారకుండానే వేరే ఊరికి మారడం లాంటిదే ఇది. ఇల్లు, బడి, పనికి పిలిచే మనుషులు అన్నీ మారతాయి. కరెంటు పని చేసుకునేవాడికి తెలిసిన గల్లీలు వదిలి కొత్తచోట పని వెతుక్కోవడం చిన్న సంగతి కాదు. మన క్రికెట్ కథల్లో కొట్టిన సిక్సర్లకిచ్చే చోటు ఈ ఇల్లు మారడానికి ఇవ్వరు. నా లెక్కలో ఆ కుటుంబం ఆడిన మొదటి పెద్ద ఇన్నింగ్స్ అదే.

తర్వాతి మెట్లు గబగబా ఎక్కేద్దాం. 2018 డిసెంబర్ చివర్లో, పదహారేళ్ల వయసులో హైదరాబాద్ తరఫున రంజీ అరంగేట్రం. 2020 ఫిబ్రవరి 9న దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. తిలక్ 38, భారత్ 177, కప్పు బంగ్లాదేశ్‌కు. 2022 ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర నుంచి పలికి పలికి కోటీ 70 లక్షలకు ముంబై ఇండియన్స్. ఆ సమయంలో వీడియో కాల్‌లో అవతల ఉన్నది సలాం. పాట పెరుగుతుంటే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకు మాట పెగల్లేదు. ఆ సీజన్‌లో ముంబై అట్టడుగున తేలినా, ఈ పంతొమ్మిదేళ్లవాడు 14 మ్యాచ్‌ల్లో 397 పరుగులు చేశాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ సీజన్ తర్వాత ఈ కుర్రాడు ఆగలేదు, దాంతో ఒళ్లు ఎదురుతిరిగింది. ఇంకా ఫిట్‌గా ఉండాలని విశ్రాంతి రోజుల్లో కూడా జిమ్‌లోనే గడిపాడు. బంగ్లాదేశ్‌లో ఇండియా-ఎ తరఫున బ్యాటింగ్ చేస్తుండగా కళ్ల వెంట నీళ్లు కారాయి, వేళ్లు కదలకుండా బిగుసుకుపోయాయి. గ్లవ్స్ ఊడిరాకపోతే కత్తిరించి తీశారు. కండరాలు కరిగి రక్తంలో కలిసే జబ్బు అది, పేరు రాబ్డోమయోలిసిస్. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టర్లు చెప్పారట. ఈ సంగతి అతను మూడేళ్ల దాకా బయట పెట్టలేదు. 2025లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

2023 ఆగస్టు 3. ట్రినిడాడ్‌లో తరౌబా, బ్రియాన్ లారా స్టేడియం. మనకు పొద్దుపోయింది, అక్కడ ఎండ ఉంది. భారత్ జెర్సీలో తొలి మ్యాచ్. అల్జారీ జోసెఫ్ ఆరడుగులు దాటిన మనిషి, నిలువుగా దూసుకొచ్చి పిచ్ మధ్యలో కొట్టే రకం. మొదటి బంతికి పరుగు లేదు. రెండోది షార్ట్‌గా పడింది, సిక్స్. మూడోది, మళ్లీ సిక్స్. అంతర్జాతీయ క్రికెట్లో అతని మొదటి పన్నెండు పరుగులు ఇవే. ఛాతీ దాకా లేచే బంతి అతనికి కొత్త కాదు కదా. 22 బంతుల్లో 39 కొట్టి వెళ్లాడు. భారత్ నాలుగు పరుగులతో ఓడింది. మూడు రోజుల తర్వాత గయానాలో మొదటి అర్ధసెంచరీ. బ్యాట్‌ను పసిపాపలా ఊపాడు. అది రోహిత్ శర్మ కూతురు కోసమని తర్వాత చెప్పాడు.

అదే ఏడు అక్టోబర్ 6న చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల సెమీఫైనల్. ప్రత్యర్థి బంగ్లాదేశ్. 26 బంతుల్లో 55 నాటౌట్. యాభై దాటగానే జెర్సీ పైకెత్తి ఒంటి మీది పచ్చబొట్టు చూపించాడు. అందులో ఉన్నది అమ్మా నాన్నా.

ఇక 2024 నవంబర్, దక్షిణాఫ్రికా. సెంచూరియన్‌లో 13వ తేదీ మ్యాచ్‌కు ముందే కెప్టెన్ సూర్యకుమార్ దగ్గరికి వెళ్లి, మూడో స్థానంలో నన్ను పంపమని అడిగాడు. అది కెప్టెన్ స్థానమే. సూర్య సరేనన్నాడు. 56 బంతుల్లో 107 నాటౌట్. రెండు రోజుల తర్వాత జొహానెస్‌బర్గ్ వాండరర్స్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్, తొమ్మిది ఫోర్లు, పది సిక్సర్లు. అవతల సంజు శాంసన్ 109. ఇద్దరూ కలిసి విడిపోకుండా 210. భారత్ ఒక వికెట్‌కు 283. ఆ రాత్రి బౌలర్ల ముఖాలు చూడాలి, బంతి చేతికి ఇస్తుంటే తీసుకోవడానికి ఇష్టపడలేదు. ఇంటికొచ్చి పట్టుమని పదిరోజులు కాకముందే రాజ్‌కోట్‌లో హైదరాబాద్ కెప్టెన్‌గా మేఘాలయ మీద 67 బంతుల్లో 151. వరుసగా మూడు టీ20 సెంచరీలు కొట్టినవాడు ప్రపంచంలో అంతకుముందు లేడు.

ఈ మూడు ఇన్నింగ్సులు చూసి చాలామంది వీణ్ని బాదుడు ఖాతాలో రాసేశారు. నాకు అభ్యంతరం ఉంది. 2025 జనవరి 25న చెన్నై చెపాక్‌లో కూర్చుని చూడండి. ఇంగ్లండ్ 165. మనవాళ్లు ఒకరి వెనక ఒకరు పెవిలియన్‌కు నడుస్తున్నారు. 146కు ఎనిమిది వికెట్లు. జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లలో 60 పరుగులు ఇచ్చుకున్నాడు. అంత వేగంగా వేసేవాణ్ని ఎక్కడ కొట్టాలో తిలక్ ముందే తేల్చుకున్నాడు. మిగతా చోట్ల సింగిళ్లు. అవతలున్న రవి బిష్ణోయ్ లెగ్‌స్పిన్నరే కానీ ఆ పూట తొమ్మిది విలువైన పరుగులు చేశాడు. చివరి ఓవర్లో ఆరు కావాలి. రెండు, తర్వాత ఫోర్, అయిపోయింది. 55 బంతుల్లో 72 నాటౌట్. జొహానెస్‌బర్గ్‌లో ఎనిమిది బంతులు తక్కువ ఆడి 48 పరుగులు ఎక్కువ చేశాడు. నన్నడిగితే చెన్నైదే పెద్ద ఇన్నింగ్స్.

అట్లాంటివాణ్ని రెండు నెలలు తిరిగేసరికి లక్నోలో మైదానం నుంచి వెనక్కి పిలిచారు. ఏప్రిల్ 4, ముంబై 204 వెంటాడుతోంది. 23 బంతుల్లో 25 దగ్గర బంతి బ్యాట్‌కు తగలడం లేదు. ఏడు బంతులు మిగిలుండగా రిటైర్డ్ అవుట్. నడిచి వస్తున్న మనిషిని కెమెరా వదల్లేదు. అతని బదులు వెళ్లిన సాంట్నర్ కూడా గెలిపించలేదు, ముంబై పన్నెండు పరుగులతో ఓడింది. జూన్‌లో అతను ఇంగ్లండ్ వెళ్లి హ్యాంప్‌షైర్ తరఫున కౌంటీ క్రికెట్ ఆడాడు. ఎసెక్స్ మీద తొలి మ్యాచ్‌లోనే 241 బంతులు ఆడి వంద కొట్టాడు. నిదానంగా ఆడుతున్నాడని వెనక్కి పిలిపించుకున్నవాడు ఇంకా నిదానంగా ఆడి చూపించాడు. పంతం లాగే కనబడుతుంది నాకు.

2025 సెప్టెంబర్ 28, ఆదివారం రాత్రి. మళ్లీ చాంద్రాయణగుట్టకు వద్దాం. బతుకమ్మ రోజులు. రెండు రోజుల కిందట మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్ నీట మునిగింది. ఊళ్లకు వెళ్లాల్సినవాళ్ల తిప్పలు ఇంకా అందరి నోళ్లలో నానుతున్నాయి. కానీ ఇక్కడి చాయ్ హోటల్లో ఆ మాట ఎత్తేవాడు లేడు. టీవీ కింద బల్లలన్నీ నిండాయి. కుర్చీ దొరకనివాళ్లు గోడకు ఆనుకున్నారు. దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్‌తో.

ఒక వికెట్‌కు 113తో ఉన్న పాకిస్తాన్ 146కి ఆలౌట్ అయింది. కుల్‌దీప్‌కు నాలుగు వికెట్లు. హోటల్లో అందరికీ అయిపోయినట్టే అనిపించింది, చాయ్‌లు గట్టిగా ఆర్డరిస్తున్నారు. అంతలోనే అభిషేక్ శర్మ 5, సూర్య 1, గిల్ 12. మూడు వికెట్లకు 20. చాయ్ చల్లారిపోయింది.

తిలక్ క్రీజులో ఉన్నాడు. అవతల శాంసన్. పది ఓవర్లకు 58.

"క్యా మియా, టెస్ట్ మ్యాచ్ ఖేల్‌రా క్యా?" అని నెరిసిన గడ్డం పెద్దాయన విసుక్కున్నాడు.

"ఉండు చాచా, ఆడ బాల్ వస్తలేదు. ఇప్పుడు కొడ్తే ఔటైతడు" అన్నాడు గోడకానుకున్న కుర్రాడు.

కుర్రాడి మాటే నిజం. దుబాయ్ పిచ్ మీద బంతి ఆగి ఆగి వస్తోంది. అయితే అబ్రార్ లెగ్‌స్పిన్, నవాజ్ ఎడమచేతి స్పిన్ కుడిచేతివాళ్లకు బయటికి తిరుగుతాయి, లెఫ్టీకి మాత్రం లోపలికి తిరుగుతాయి. తిరిగే వైపే లెగ్‌సైడ్‌కు తోసుకుని పరుగు తియ్యొచ్చు. తిలక్ అదే చేస్తున్నాడు. ఒకటి, ఒకటి, రెండు. కొట్టాలనిపించినప్పుడు కూడా ఒకటి. ప్రతి సింగిల్‌కూ ఫీల్డంతా అటూ ఇటూ మారుతోంది. శాంసన్ 24 దగ్గర వెళ్లిపోయాడు, దూబే వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ లెఫ్టీలే. పదిహేనో ఓవర్ హారిస్ రవూఫ్. 17 పరుగులు వచ్చాయి. స్కోరు వంద. పెద్దాయన కుర్చీ కాస్త ముందుకు జరిపాడు.

పందొమ్మిదో ఓవర్ చివరి బంతికి దూబే అవుట్. ఆరు బంతుల్లో పది. బంతి మళ్లీ రవూఫ్‌కే. హోటల్ యజమాని గల్లా వదిలి టీవీ ముందుకొచ్చాడు. మొదటి బంతి, రెండు పరుగులు. రెండో బంతి కోసం చూడండి. తిలక్ వెనక కాలు మీద బరువు నిలుపుకున్నాడు, తల కదలడం లేదు. బంతి వచ్చింది, బ్యాట్ ఇంకా రావడం లేదు, వచ్చింది. లెగ్‌సైడ్ మీదుగా సిక్స్.

హోటల్లో ఒక గ్లాసు పగిలింది. ఎవరూ వంగి చూడలేదు. టీవీలో కోచ్ గంభీర్ బల్ల గుద్దుతున్నాడు. తర్వాత సింగిల్. చివరికి రింకు సింగ్, ఆ టోర్నీలో అతనాడిన మొదటి బంతి, ఫోర్. రెండు బంతులు మిగిలాయి. 53 బంతుల్లో 69 నాటౌట్, ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్. రోడ్డు మీద బైకుల హారన్లు మొదలయ్యాయి. కప్పు ఎత్తుతారని అర్ధరాత్రి దాటినా జనం టీవీ వదల్లేదు. ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడు, పాకిస్తాన్‌కు చెందిన మొహ్సిన్ నఖ్వీ చేతుల మీదుగా తీసుకోబోమని మనవాళ్లు అన్నారు, కప్పు లేకుండానే సంబరాలు చేసుకున్నారు. "కప్పు ఏడ పోయింది భయ్?" అని అడిగి అడిగి జనం ఇళ్లకు పోయారు.

హైదరాబాద్ వచ్చాక తిలక్ లింగంపల్లి అకాడమీకి వెళ్లాడు. మైదానంలో పాకిస్తాన్ ఆటగాళ్లు అన్న మాటలకు బ్యాట్‌తోనే బదులివ్వాలనుకున్నానని అక్కడ విలేకరులతో చెప్పాడు. నెల తిరగ్గానే ఆస్ట్రేలియా సిరీస్.

అక్టోబర్ 31, శుక్రవారం. మెల్‌బోర్న్‌లో మ్యాచ్ మనకు మధ్యాహ్నం ఒకటీ ముప్పావుకి మొదలైంది. జుమ్మా నమాజు ముగించుకుని పెద్దాయన హోటల్‌కొచ్చి కూర్చునేసరికి హేజిల్‌వుడ్ పని చక్కబెట్టేశాడు. తిలక్ వర్మ సున్నా.

"దేఖా? ఇత్నీ జల్దీ కాయ్‌కూ?" అన్నాడు పెద్దాయన, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ.